తక్కువ ఖర్చుతో సంక్రాంతి సెలవులు



ఈసారి మన గోడపత్రిక సంక్రాంతి సంచిక. సెలవులు ఎట్ల గడపాలె అనే దాని మీద తలా ఒకటి రాయమని తెలుగు సార్ చెప్పారు. కొందరు ముగ్గుల గురించి రాస్తున్నరు, కొందరు పిండివంటల గురించి రాస్తున్నరు. నేను ఖర్చు గురించి రాస్తున్నాను. పండుగ పూట పైసల ముచ్చట ఎందుకు అని మీరు అనుకోవచ్చు. కానీ నేను చెప్పేది ఒక్కటే మాట. మనం పండుగను ఎంత తక్కువ ఖర్చుతో చేసుకుంటే సెలవుల తర్వాత అంత ఎక్కువ మందిమి మళ్లీ ఈ హాస్టలుకు వస్తాము. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో కింద రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

పండుగ అప్పు

మా ఊరు తాడ్వాయి దాటినంక అడవి లోపల ఉంటది. 2016లో జిల్లాలు విడిపోయినయి, 2019లో మాది ములుగు జిల్లా అయింది. మా తాత మాత్రం ఇప్పటికీ మనది వరంగల్ జిల్లానే అంటడు. మేము కోయవాళ్లం. మా ఇంట్ల మా కంటే ముందు చదువుకున్నవాళ్లు ఎవ్వరూ లేరు. నాయన వేలిముద్ర వేస్తడు. మా ఇంటి నుంచి మొట్టమొదట బడికి పోయింది మా అక్క. ఆమె తర్వాత నేను.

2020 జనవరిలో అక్క 8వ తరగతి చదువుతుంది. నేను 2వ తరగతి. అక్క హాస్టలు నుంచి సంక్రాంతికి ఇంటికి వచ్చింది. ఆ ఏడు ఊర్ల చాలా ఇండ్లల్ల కొత్త బట్టలు తెచ్చిండ్రు. మా నాయన కూడా తేవాలె అనుకున్నడు. చేతిల పైసలు లేవు. మిరప చేన్లకు కూలీలను తోలుకపోయే మేస్త్రి దగ్గర 3000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నడు. అందరికీ బట్టలు వచ్చినయి. నాకు పసుపుపచ్చ గౌను వచ్చింది. ఇంటినిండ అరిసెలు. పండుగ బాగనే అయింది.

పండుగ తెల్లారి మేస్త్రి వచ్చిండు. అప్పుడు మా తమ్ముడు చంటిపిల్లగాడు. అమ్మ వాడిని విడిచి పోలేదు. నాయన వేరే వాళ్ల దగ్గర జీతం ఉన్నడు. కాబట్టి అక్క పోయింది. అప్పుడు రోజు కూలి 200. 3000 తీరాలంటే 15 రోజులు. మన సెలవులు ఎన్ని రోజులో మీకు తెలుసు.

మిరప ఏరుడు ఎట్లుంటదో మనలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. పొద్దుగాల చలిలనే ట్రాలీ ఆటోల నిలబడి గోదావరి ఒడ్డు చేన్లకు పోవాలె. మంగపేట, ఏటూరునాగారం, వెంకటాపురం వైపు మిరప బాగా వేస్తరు. సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా ఏరుడే ఏరుడు. నడుము వంచే ఉండాలె. చేతులు మండుతయి, కండ్లు మండుతయి. రాత్రి చేతులకు నూనె రాసుకొని పండుకోవాలె. ఆ చేతులతోని పెన్ను పట్టరాదు. మన ఎనుమాముల మార్కెట్టుకు లారీల్ల ఎర్రటి మిరప బస్తాలు వస్తయి కదా, అవి చూసినప్పుడల్లా నాకు మా అక్క చేతులే యాదికి వస్తయి.

15 రోజులు అయినంక మేస్త్రి ఇంకో వారం ఉండమన్నడు. ఆ వారం తర్వాత బడికి పోదామంటే పాఠాలు చాలా అయిపోయినయి, పరీక్ష అయిపోయింది, సిగ్గు అయితుంది అని అక్క అన్నది. రేపు పోత, ఎల్లుండి పోత అంటుంటే మార్చి నెల వచ్చింది. కరోనా వచ్చి బడులన్నీ మూసిండ్రు. మళ్లీ తెరిచేటప్పటికి అక్కకు సంబంధం చూసిండ్రు. ఇప్పుడు నేను వాడే ట్రంకు పెట్టె ఆమెదే. మూత మీద తెల్ల పెయింటుతోటి అక్క పేరు, 8వ తరగతి అని ఉంటది. నేను 9వ తరగతికి వచ్చినా దాన్ని చెరపలేదు.

నేను మా నాయనను తప్పు పడుతలేను. బిడ్డలు పండుగ నాడు మంచిగ కనబడాలె అని ఏ నాయనకైనా ఉంటది. కాకపోతే ఆ ఖర్చు నాలుగు రోజులది, దాని వెనుక వచ్చిన పని నెల రోజులది. అందుకే నేను ఖర్చు గురించి రాస్తున్నాను.

మా ఇంటి పండుగ లెక్క

పోయిన సంక్రాంతికి నేను ముందే అమ్మకు, నాయనకు చెప్పిన. మనం అడ్వాన్సు తీసుకోవద్దు, నేను లెక్క రాస్త, ఎంతలో అయితదో చూద్దాం అన్న. నాయన నవ్విండు, అయినా సరే అన్నడు. నా లెక్క పుస్తకంల రాసింది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

బస్సు: 0 రూపాయలు
బస్సు దిగినంక ఆటో, రానుపోను: 40
బెల్లం ఒక కిలో: 60
నూనె ఒక లీటరు: 140
నువ్వులు: 30
తమ్మునికి గాలిపటం, దారం: 20
ముగ్గు, రంగులు: 0
మొత్తం: 290 రూపాయలు

ఇప్పుడు మా అమ్మకు రోజు కూలి 300. ఆమె ఒక్క రోజు కూలితోని మా పండుగ అయింది. ఇంక 10 రూపాయలు మిగిలినయి.

బస్సుకు సున్నా ఎందుకు అంటే, మహాలక్ష్మి పథకం ఉన్నది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులల్ల, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టిక్కెట్టు తీసుకోవాలె. కార్డు ట్రంకుల మర్చిపోకండి.

ముగ్గుకు సున్నా ఎందుకు అంటే, మా అవ్వ ఏనాడూ రంగులు కొనలేదు. తెల్లదానికి సుద్ద, ఎర్రదానికి జాజు, నల్లదానికి బొగ్గు. గోడలు కూడా వాటితోనే అలికి దిద్దుతది. మన హాస్టల్ల రంగు ప్యాకెట్లతోటి వేసిన ముగ్గు బాగుంటది, నేను కాదనను. కానీ మా అవ్వ గోడ మీద దిద్దింది వాన పడేదాకా ఉంటది.

బియ్యం మా పొలంల కొత్త వడ్లవే. నానబోసి, రోట్ల దంచి, జల్లెడ పట్టినం. సగం పిండి అరిసెలకు, సగం సకినాలకు. సకినాల పిండిల నువ్వులు, వాము, ఉప్పు కలిపి బట్ట మీద చుట్టాలె. మా వాడకట్టు ఆడవాళ్లు అందరు ఒక ఇంటికాడ కూర్చొని చుడుతరు, మరునాడు ఇంకో ఇంటికాడ. అట్ల చేస్తే కట్టెలు కలిసి వస్తయి, పని తొందరగ అయితది. అన్నిటికన్నా ముచ్చట్లు ఎక్కువ అయితయి. నేను చుట్టిన సకినం వంకర వచ్చిందని మా చిన్నమ్మ, "ఇది సకినమా, కొండచిలువనా బిడ్డా?" అన్నది. అందరు నవ్విండ్రు.

ఇంక కొనకుండ దొరికేవి చెప్తాను. రేగుపండ్లు చెట్ల కింద రాలి ఉంటయి. తాటిగింజలు పాతిపెట్టిన జాగల గేగులు తవ్వి, నిప్పుల కాల్చి తినవచ్చు. పచ్చి కందికాయలు, అనపకాయలు ఉప్పేసి ఉడకబెడితే గంప ఖాళీ అయితది. రాత్రి చలిమంట కాడ కందగడ్డలు కాల్చుకోవచ్చు. పట్నంల వీటిని పైసలు పెట్టి కొంటరు. మనకు అడవి, చేను ఇస్తున్నయి.

మన పండుం

సంక్రాంతి అందరి పండుగ. మా కోయవాళ్లకు ఈ చలికాలంల ఇంకో పండుగ ఉంటది. పండుగను మా భాషల పండుం అంటం. కొత్త చిక్కుడుకాయలు కాసినంక ముందుగాల వేల్పులకు పెట్టాలె. అప్పటిదాకా మా ఊర్ల ఎవ్వరూ కొత్త చిక్కుడు నోట్ల పెట్టరు. ఊరిపెద్దలు, వడ్డె కలిసి ఒక రోజు చెప్తరు. ఆ రోజు ఇంటింటికి ఇన్ని బియ్యం, ఇన్ని చిక్కుడుకాయలు, ఉన్నవాళ్లు కోడి ఇస్తరు. అందరిది కలిపి వండి అందరు తింటరు. ఉన్నవాళ్ల ఇంటి పండుగ, లేనివాళ్ల ఇంటి పండుగ అని వేరు వేరు ఉండదు. పొయ్యి ఒక్కటే.

రాత్రి డోలు కొడతరు. మొగవాళ్లు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకొని ఆడుతరు. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకొని రేల ఆడుతరు. దీనికి కొత్త బట్టలు అక్కరలేదు. మైకు కూడా అక్కరలేదు. హాస్టల్ల ఆరు నెలలు ఉండి పోతే నాకు కోయ పాటలల్ల కొన్ని మాటలు తడబడుతయి. పక్కన అవ్వ ఉంటది, ఆమె నోరు చూసి అందుకుంట. ఈ పాటలు నేర్చుకునేందుకు మనకు సెలవులు తప్ప వేరే సమయం లేదు. కావున చెల్లెండ్లారా, ఊరికి పోయినంక రోజంతా ఫోనుల వీడియోలు చూడకండి. అవ్వల దగ్గర కూర్చొని ఒక్క పాటయినా రాసుకొని రండి. మన గోడపత్రిక వచ్చే సంచికకు పనికి వస్తది.

కొన్ని ఊర్లల్ల మనవాళ్లు క్రిస్మస్ కూడా చేస్తరు. వెదురుబద్దలు, రంగుకాగితాలతోటి చుక్క కట్టి ఇంటి ముందర వేలాడదీస్తరు. అది కూడా చేతితోని చేసుకునేదే.

దగ్గర ఉన్న చూడదగిన స్థలాలు

సెలవులల్ల ఎక్కడికైనా పోవాలె అని మనకు ఉంటది. టీవీల ఊటీ, గోవా చూపిస్తరు. కానీ అక్కడివాళ్లు కూడా చూడవలసినవి మన దగ్గర ఉన్నయి.

మొదటిది రామప్ప గుడి. ములుగు జిల్లా పాలంపేటల ఉన్నది. కాకతీయ గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిండు. చెక్కిన శిల్పి పేరుతోని గుడికి పేరు వచ్చింది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల తేలుతయి. 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దేశవిదేశాల నుంచి వచ్చి చూస్తున్నరు. మా అవ్వ ఇంత దగ్గర ఉండి కూడా పుట్టినకాడి నుంచి చూడలేదు. పోయిన సెలవులల్ల అమ్మ, అవ్వ, నేను పోయినం. అవ్వ బస్సు ఛార్జీ కోసం కొంగుల 100 రూపాయల నోటు ముడి వేసుకొని వచ్చింది. కండక్టర్ సున్నా టిక్కెట్టు చేతిల పెడితే, "ఇది పారేయొద్దు కదా బిడ్డా?" అని అడిగింది. గుడికాడ ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మలు చూసి, "ఈ పిల్ల మన రేల ఆడుతుంది చూడు" అన్నది. తర్వాత చెరువుకట్ట మీద సద్దిమూట విప్పుకొని తిన్నం. ఇంటికి వచ్చేటప్పటికి ఆ నోటు ముడి విప్పనేలేదు.

రెండవది మేడారం. పెద్ద జాతర ఏడాది విడిచి ఏడాది మాఘమాసంల అయితది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. నడుమ ఏడు చిన్న జాతర ఉంటది. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తది. విగ్రహం ఉండదు. కుంకుమభరిణె రూపంల సమ్మక్కను తెస్తరు. పూజారులు మన కోయవాళ్లే. జాతరకు లక్షల మంది వేల రూపాయలు పెట్టుకొని వస్తరు. జాతర లేని రోజులల్ల పోతే జంపన్నవాగు దగ్గర నిమ్మళంగ కూర్చోవచ్చు, గద్దెల కాడ తోపులాట ఉండదు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటరు. అంటే బీదవాళ్లు కూడా బంగారం పెట్టగలిగిన జాతర మనది.

మూడవది వరంగల్ కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిండు. కోటల నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు ఉన్నయి. పురావస్తు శాఖ వాళ్లు టిక్కెట్టు పెట్టిన చోట కూడా 15 ఏండ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. మనలో 9వ తరగతి దాకా చాలామందికి ఇది వర్తిస్తది. తీసుకపోవడానికి వచ్చిన అమ్మానాయనలను ఊరి బస్సు ఎక్కే ముందు ఒక గంట అక్కడికి తోలుకపోవచ్చు. మనం సాంఘిక శాస్త్రంల చదివింది వాళ్లకు చెప్పవచ్చు. నాయనకు నేను తోరణం గురించి చెప్తుంటే ఆయన మాట్లాడకుండ విన్నడు. తర్వాత ఊర్ల అందరికీ ఆయనే చెప్పిండు.

నాలుగవది ఐనవోలు మల్లన్న జాతర. వరంగల్‌కు దగ్గర. భోగి నాడు మొదలై ఉగాది దాకా ఉంటది. ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తరు, డోలు దెబ్బ దూరం దాకా వినబడుతది. జాతరల చూసేందుకు పైసలు అక్కరలేదు, కొనేందుకే కావాలె. కావున ఇంటికాడ తిని పోవాలె.

ఎక్కడికైనా ఒక్కదానివి పోవద్దు. పెద్దవాళ్లతోనే పోవాలె. చీకటి పడకముందే ఇల్లు చేరాలె.

కలిసి పోదాం, కలిసి వద్దాం

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది రాస్తున్నాను.

పోయిన సంక్రాంతికి మా ఊరి నుంచి ముగ్గురం ఆడపిల్లలం ఇంటికి పోయినం. బడి తెరిచే రోజు నేను, ఇంకొక అమ్మాయి బ్యాగులు సర్దుకొని మూడవ అమ్మాయి ఇంటికి పోయినం. ఆమె పేరు రాయను. ఆమె మిరప చేనుకు పోయింది అన్నరు. వాళ్ల నాయన మాకు మామ అయితడు. గడప మీద కూర్చొని ఉన్నడు.

"మామా, ఈ రోజు హాస్టలు తెరుస్తరు. ఆమెను తోలుకపోతం" అన్న.

"పది రోజులు చేసి వస్తది బిడ్డా. పండుగకు 1500 తెచ్చిన. మేస్త్రి ఊకుంటడా?" అన్నడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. మా అక్క గురించి ఆయనకు తెలుసు. అయినా చెప్పిన. "మామా, మా అక్క కూడా పది రోజులే అనుకున్నది" అన్న. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపల నుంచి అత్త వచ్చి, "రేపటి నుంచి ఆ పిల్ల బదులు నేను పోత. 1500 అంటే అయిదు రోజులే కదా" అన్నది. మేము ఆ రోజు ఇద్దరమే వచ్చినం. నాలుగు రోజులకు ఆమెను వాళ్ల అమ్మ తీసుకొచ్చి దింపింది. చేతులకు ఇంకా మంట ఉన్నది, రెండు రోజులు నోట్సు నేను రాసిచ్చిన. ఇప్పుడు ఆమె నా పక్క మంచంలనే పండుకుంటది. లెక్కలల్ల నాకన్నా ఎక్కువ మార్కులు వస్తయి.

అందుకే నేను ఒక ఆలోచన చెప్తున్నాను. సెలవులకు ముందు రోజు ఒక్కొక్క ఊరి పిల్లలం ఒక్కొక్క జట్టుగా కూడుదాం. జట్టులో ఎంతమంది, తిరిగి ఏ బస్సుకు రావాలె అనేది ఒక కాగితం మీద రాసుకుందాం. పెద్ద తరగతి అక్క ఆ కాగితం పెట్టుకోవాలె. బడి తెరిచే రోజు పొద్దుగాల అక్క ఇంటింటికి పోవాలె. ఎవరయినా చేనుకు పోయి ఉంటే ఆ ఇంటి పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడాలె, కొట్లాడవద్దు. అప్పటికీ రాకపోతే ఆ రోజే వార్డెన్ మేడం గారికి చెప్పాలె, వారం రోజులు ఆగవద్దు. ఆలస్యంగా వచ్చిన పిల్లను మేడం గారు, సార్లు ఎందుకు ఆలస్యమైందని అందరి ముందర అడగవద్దని నా మనవి. మా అక్క ఆ సిగ్గుకే ఆగిపోయింది.

మన ములుగులోనే సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నది. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. ఇదివరకు పెద్ద చదువు అంటే హైదరాబాదు పోవాలె అనేవాళ్లు. ఇప్పుడు మా ఊరి నుంచి బస్సుల పోయే దూరంలనే ఉన్నది. కానీ అక్కడిదాకా పోవాలంటే ముందుగాల ఈ సంక్రాంతి తర్వాత 9వ తరగతి గదిలోకి రావాలె.

కావున మిత్రులారా, ఇంటికి పోయినంక మీ అమ్మానాయనలకు ఈ మూడు మాటలు చెప్పండి. పండుగకు అడ్వాన్సు వద్దు. కొత్త బట్టలు లేకపోయినా పండుగ ఆగదు, హాస్టలు వాళ్లు ఇచ్చిన జతనే ఉతికి కట్టుకుంటాము. బడి తెరిచే రోజు మమ్ములను బస్సు ఎక్కియ్యండి.

మా జట్టులో ముగ్గురం ఉన్నాము. కాగితం నా దగ్గర ఉన్నది. తాడ్వాయి వైపు పోయే ఇంకెవరైనా ఉంటే ఆదివారం సాయంత్రం లోపల నాకు పేర్లు ఇవ్వండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని
9వ తరగతి, బి సెక్షన్